సార్ కోయని కుండ

నేను బి.ఏ. పాసయ్యాను! సెకండ్ క్లాసు! ఇంకో మాట ఏదైనా రాయాలంటే ముందు ఇది చెప్పేయాలి, లేకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మా ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే. అరవై ఎనిమిది బ్యాచిలో మా వాడ మొత్తానికి నేనొక్కదాన్నే. పేపర్లో ఉన్న నా నంబరును నాయిన బొటనవేలితో తడిమి తడిమి సగం చెరిపేశాడు.

ఈ కబురు అందరికంటే ముందు చెప్పాల్సింది వీరయ్య సార్‌కు. సార్ చనిపోయి నెల కావస్తోంది. అయినా వెళ్ళి చెప్పాలనిపించింది. ఈ ప్రయాణం అందుకే.

సార్ ఇల్లు తార్నాకలో. ఒక బడిలో డ్రాయింగు, మట్టిపని నేర్పి రిటైరైన మనిషి. యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివే అనసూయ, జేమ్స్, ప్రభాకర్, నేను సాయంత్రాలు ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో కుమ్మరి సారె తిప్పడం నేర్చుకునేవాళ్ళం. సార్‌ది ఒక పద్ధతి. మనం చేసిన కుండ పచ్చిగా ఉండగానే సన్నటి తీగ పెట్టి నిలువునా రెండు చెక్కలుగా కోసేవాడు. గోడ మందం అంతటా ఒకటే ఉందా లేదా అని చూసేవాడు. "పైనుంచి జూస్తే అందరి కుండలు మంచిగనే ఉంటయి బిడ్డా, లోపల జూడాలె," అనేవాడు. కోసిన ముక్కలు మళ్ళీ మట్టి తొట్టిలోకే.

చేరిన రోజే కుండ కింద పెట్టే గడ్డి చుట్టకుదురు ఎవరిది వాళ్ళు ఇంటినుంచి తెచ్చి షెడ్డు గోడకున్న మేకుకు తగిలించాలి. సార్ ఎప్పుడైతే మన కుండను కోయకుండా వదిలేస్తాడో అప్పుడు ఆ కుదురు మేకు దిగుతుంది. కుండ దానిమీద కూర్చుని, పై చెక్కమీద ఆరి, ఆ తర్వాత కాలుతుంది. అనసూయ కుదురు మొదటి ఏడే దిగింది. తర్వాత జేమ్స్‌ది. నాదీ, ప్రభాకర్‌దీ మాత్రం రెండేళ్ళుగా మేకులకే వేలాడుతూ ఉండేవి. నా కుదురు మా అవ్వ చుట్టింది. గడ్డి విడిపోకుండా తన పాత చీర ఎర్రంచు చింపి కట్టింది.

పరీక్షల ముందు చివరిసారి వెళ్ళినప్పుడు ఒక కుండ చేశాను. సార్ దానిమీద తడి గోనె కప్పి, తీగను పక్కన పెట్టేశాడు.

"ఏంది సార్, కొయ్యరా?"

"ముందుగాల పరీక్షలు రాసి రా. పాసైతే బాలూషాలు పట్టుకొని రా. ఆడ నీ రిజల్టు నువ్వు చెప్పు, ఈడ నీ రిజల్టు నేను చెప్త."

పరీక్షలు రాసి నేను ఊరికి వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం సార్ సారె ముందే ఒరిగిపోయాడట. నాకు తెలిసేసరికి కర్మ కూడా అయిపోయింది. ఆ రెండో రిజల్టు ఎవరినడగాలి?

జడ్చర్లలో పొద్దున ప్యాసింజరెక్కాను. స్టేషన్ దాకా వచ్చిన నాయిన నా సంచిలోని పొట్లం చూసి, "సావైన ఇంటికి మిఠాయి కొంచవోతవా? నవ్వుతరు బిడ్డా," అన్నాడు. సార్ అడిగాడన్నాను. పొట్లం మళ్ళీ నా సంచిలో సర్ది పెట్టాడు.

కిటికీ పక్క సీటు దొరికింది కానీ బొగ్గు నలకలు కళ్ళలో పడుతూనే ఉన్నాయి. ఈ బండిలో వచ్చేవాళ్ళు ఇంజనుకు ఎదురుగా కూర్చోకండి. ఎదుట కర్నూలు నుంచి వస్తున్న ఒక టీచరమ్మ, మెళ్ళో సన్నటి గొలుసుకు శిలువ. నన్ను కాసేపు చూసింది.

"ఏమ్మా, పేపర్ని అలా గుండెకి హత్తుకున్నావు, పెళ్ళికొడుకు ఫోటో గానీ పడిందా ఏంటి?"

"నా నంబరు పడ్డదమ్మా. బి.ఏ. సెకండ్ క్లాస్."

ఆమె లేచి మరీ నా తల నిమిరింది. ఆమె పక్కన ఉల్లిగడ్డల బస్తా మీద చెయ్యేసుకున్న తాత దిగులుగా అడిగాడు: "సెకండంటే తప్పినట్టా బిడ్డా?" పెట్టె మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక సార్ గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగాను. కళ్ళు తుడుచుకున్నా ఎవరూ ఏమీ అడగలేదు, నలక పడిందనుకున్నట్టున్నారు.

తొమ్మిదిన్నర దాటాక కాచిగూడ. స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. తర్వాత క్యాంపస్ మీదుగా తార్నాక పోయే బస్సు. లైబ్రరీ దగ్గర దిగాను. పేపర్లో అచ్చు తప్పుంటే? నోటీసు బోర్డులో కూడా నా నంబరు చూసుకున్నాకే నిజంగా నమ్మాను. అక్కడినుంచి తార్నాకకు రోజూ నడిచిన దారే. తొలకరి పడి రోడ్డు నిండా తురాయి పూలు. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చి గేటు దగ్గర జామపండ్లమ్మే మల్లమ్మ దూరంనుంచే కేకేసింది.

"ఏం పిల్లా, పాసైనవా?"

"పాసైన మల్లమ్మా!"

"మరి మొకమేంది అట్లున్నది? ఫెయిలైనోళ్ళు గూడ నీకంటె నయ్యంగున్నరు."

సార్ ఇంటికే పోతున్నానని చెప్పాను. ఆమె నవ్వు ఆపి, ఒక జామపండు తీసి నా చేతిలో పెట్టింది. "అమ్మకియ్యి," అంది.

అమ్మ, అంటే సార్ భార్య, అరుగుమీద కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. ఆ నుదురు అంత పెద్దదని నాకెప్పుడూ తెలియదు. నేనేదో అనబోతుండగానే ఆమె అడిగింది: "అయితివా?"

తలూపాను. మల్లమ్మ ఇచ్చిన జామపండు ఆమె చేతిలో పెట్టాను. పాసైన కబురు చెప్పడానికి ఇంత దూరం వచ్చి, ఆమె మోకాళ్ళమీద తల పెట్టి ఏడ్చాను. ఆమే నన్ను ఊకోబెట్టింది. తర్వాత నా సంచి తడిమి చూసింది.

"బాలూషాలేనా? గింతసేపు ఎందుకు దాస్తివే? తెస్తదని ఆయన ముందే చెప్పె." ఒకటి తీసి ఆకులో పెట్టింది. "పా, ఆయనకు పెడుదువు."

షెడ్డు తలుపు దగ్గర మాత్రం ఆగిపోయింది. "లోపల జూసి నన్ను ఏమనకు బిడ్డా," అంది.

పై చెక్కమీద కుండల్లేవు. మట్టి జారి, చెక్క అంచునుంచి కిందికి కారి, గడ్డకట్టి ఉంది.

"పదకొండో నాడు మా వదినెలు ఇల్లంత కడిగిన్రు," అంది అమ్మ. "మైలింట్ల మట్టి కుండలు ఉంచొద్దని ఇవి గూడ బయట పారేస్తమన్నరు. నాకు పానం గొట్టుకున్నది. పారెయ్యకున్రి, నీళ్ళు వోస్తె సాలు, సుద్దయితయి అన్న. నేనే బిందెలకు బిందెలు వోసిన. కాలని కుండ మీద నీళ్ళు వొయ్యొద్దని నాకెర్క లేదా? ముప్పై ఏండ్లు ఆయన పక్కన బతికిన. ఆ పూట యాదికి రాలె. కండ్ల ముందట కుండలు కూలవడుతుంటె గప్పుడు యాదికొచ్చింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. బాలూషా సారె మీద పెట్టాను. "సార్, పాసైన," అన్నాను. గొంతు పెద్దగానే వచ్చినట్టుంది, చూరులో పిచ్చుకలు లేచిపోయాయి.

అప్పుడు తలెత్తి గోడ చూశాను. నాలుగు మేకులు. ఒక్క కుదురే వేలాడుతోంది. అది ప్రభాకర్‌ది.

నాది లేదు.

కింద చూశాను. ఆనాడు నా కుండకు కప్పిన గోనె మడత పెట్టి ఉంది, దాని కింద ఏమీ లేదు. పై చెక్కమీద చేతులు పెట్టి మట్టిని గోళ్ళతో గీకాను. ఒక కుదురు తగిలింది, మామూలుది. ఇంకొకటి. మూడోదాన్ని గీకితే ఎర్రటి గుడ్డ కనిపించింది. అవ్వ చీర అంచు.

సార్ కోయలేదు.

"రెండు ఆయన జేసినయి," అంది అమ్మ మెల్లగా. "మూడోది నీదా? ఇగ ఏది ఆయనదో ఏది నీదో ఎట్ల దెలుస్తది బిడ్డా, అంత కలిసెపాయె."

ఇద్దరం కలిసి ఆ మట్టినంతా గీకి తొట్టిలో వేశాం, ఒక్క పెళ్ళ కూడా బయటికి పోనివ్వలేదు. నీళ్ళు చల్లి, మడత పెట్టిన గోనె విప్పి కప్పాం. మధ్యాహ్నం అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటూ అంది: "మిగిలినోళ్ళకు గూడ చెప్పు. వచ్చి పిసుక్కోమను. మట్టి ఎండితె ఆయన కోపం జేస్తడు." కోపం చేసేవాడని అనలేదు. నేనూ సరిదిద్దలేదు.

సాయంత్రం ప్యాసింజర్‌కు కాచిగూడ చేరాను. పొద్దుటి కంటే జనం ఎక్కువ, నిలబడే ప్రయాణం. షాద్‌నగర్ దగ్గర సీటు దొరికింది. పక్కనున్న ముసలమ్మ, నేను వెంట తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్న ఎర్రంచు కుదురు చూసి, "చుట్టకుదురున్నది, కుండేది బిడ్డా?" అని అడిగింది.

"నానబెట్టి వచ్చిన అవ్వా," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. కుండను ఎవరైనా నానబెడతారా అని గొణుక్కుంది. గోళ్ళ సందుల్లో మట్టి ఆరి బిగుసుకుంటోంది. కడుక్కోబుద్ధి కాలేదు. డిగ్రీ చేతికొచ్చిన ఆనందం పోలేదు, అలాగే ఉంది. సార్ లేడన్న దుఃఖం దాన్లో ఎక్కడ కలిసిందో, ఏది ఏదో ఇక విడదీయలేను.

ఊళ్ళో ఫోన్ రైస్ మిల్లులో ఒక్కటే ఉంది. సేటు రేపు పొద్దున రమ్మన్నాడు. నేను ఫోన్ చేయాల్సిన వాళ్ళు:

హాస్టల్ వార్డెనమ్మ. ఫీజుకు గడువిచ్చింది, పాసయ్యానని చెప్పాలి.

అనసూయ. వరంగల్‌కు ట్రంకు కాల్. తను ఏడుస్తుంది, మూడు నిమిషాలు చాలవు.

జేమ్స్. వాళ్ళ నాన్న పనిచేసే చర్చి ఆఫీసుకు చేస్తే పిలుస్తారు. ఆదివారం తార్నాక రమ్మనాలి.

ప్రభాకర్. గోల్నాకలో వాళ్ళింటి కింది కిరాణా కొట్టుకు. పాసయ్యానని చెప్తాను, మట్టి పిసకడానికి రమ్మంటాను. తన కుదురు ఇంకా మేకుకే ఉందా అని అడుగుతాడు. ఆ మాటకు ఏం చెప్పాలో కాచిగూడ నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.