చార్టు పట్టుకున్న ఎండాకాలం

మొన్న మా అన్నయ్య కూతురు చైతన్యపురిలోని మా ఇంటికి వచ్చి, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం ప్రాక్టీసు చేసుకుంటోంది. వ్యవసాయ డిగ్రీ చదువుతోంది. ఈ సెలవుల్లో స్టైపెండు మీద ఊళ్ళు తిరిగి రైతులకు సాగు సంగతులు చెప్పే పని దొరికింది. "రైతు సోదర సోదరీమణులారా, పిచికారీ అనంతరం తగు జాగ్రత్తలు పాటించవలెను" అంటుంటే వంటింట్లో నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటెతోనే బయటికి వచ్చి, "మీ నాయినతోని ఎట్ల మాట్లాడ్తవో గట్ల మాట్లాడు" అని అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి, "గింత దానికి గంత కోపమెందుకత్తా?" అంది. కూర్చోబెట్టి చెప్పక తప్పలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేనూ ఆ చదువే చదువుతూ ఇక్కడే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఆ హాస్టల్ సాంబారు గురించి చెప్పాలంటే అదో పెద్ద కథ. అందులో ములక్కాడ ముక్క దొరికిన పిల్ల ఆ పూటకు రాణి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద దీక్షా శిబిరాలు, డప్పులు, పాటలు. వాటి నెత్తిన కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ వేసవిలో ఒక సంస్థ మాలాంటి విద్యార్థులకు స్టైపెండు ఇచ్చి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు కూరగాయలు పండించే ఊళ్ళకు పంపింది. పురుగుమందు ఎంత కలపాలి, ఎలా కొట్టాలి, కొట్టాక ఎన్నాళ్ళు ఆగి కాయ తెంపాలి అన్నవి ఆడవాళ్ళకు చెప్పడం మా పని. నాకు జంటగా వేసిన అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కోస్తా వాళ్ళ పిల్ల. నాది నల్గొండ పల్లె. ఎల్‌బీ నగర్‌లో సంస్థ జీపు ఎక్కిన మొదటి రోజే ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టేంత స్నేహితులమైపోయాం.

మా మీద ఒక సార్ ఉండేవారు. ఎంత ఎండలో తిరిగినా ఆయన చొక్కా ఇస్త్రీ నలిగేది కాదు. మొదటి ఊళ్ళో నేను "అక్కా, గాలికి ఎదురుంగ మందు కొట్టొద్దు" అని మొదలుపెట్టగానే, చెయ్యి అడ్డం పెట్టి అందరి ముందూ నవ్వారు. "ఏంటమ్మా ఆ భాష? చదువుకున్నదానివని ఎవరైనా అనుకుంటారా? నువ్వు చార్టు పట్టుకో, ఆ అమ్మాయి చెబుతుంది." ఆ రోజు నుంచి నేను నోరులేని గుంజనయ్యాను. నా స్నేహితురాలు సార్ పుస్తకాల భాషలో రాసిచ్చిన కాగితం చదివేది. ఆడవాళ్ళు బుద్ధిగా తలలూపేవారు, ఒక్కరూ ఒక్క ప్రశ్న వేసేవారు కాదు. దగ్గర్లో సినిమా స్టూడియో ఉన్నందుకు కాబోలు, ఒకామె మాత్రం నా చెవిలో "ఈ పొల్ల సినిమాలల్ల చేస్తదా?" అని అడిగింది. చార్టు అడ్డం పెట్టుకుని నవ్వాను.

వంకాయ తోట ఉన్న ఒకామె మేం ఎప్పుడు వెళ్ళినా చల్ల పోసేది. మీటింగులో ముందు వరసలో కూర్చునే మనిషి. ఒక పొద్దున మేం వెళ్ళేసరికి తోట గట్టు మీద పడి ఉంది. నోట్లోంచి చొంగ, వాంతులు, ఒళ్ళంతా చెమట. మూతికి గుడ్డ కట్టుకోకుండా ఎదురుగాలిలో మందు కొట్టిందట. ఆమె కోడలు ఏడుస్తూ, "మీరు చెప్పింది మాకు సమజ్ కాలే బిడ్డా. అడిగితే నవ్వుతరని అడగలే" అంది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో ఉంది, ఆలస్యమవుతుందన్నారు. జీపులో తీసుకుపోదామన్నాను. "దారిలో అద్దాలు పగలగొడితే ఎవరిది పూచీ? మనం చెప్పాల్సింది చెప్పాం. చార్టులో ఉంది కదా" అన్నారు సార్. ఆ మాటకు నా స్నేహితురాలు తిరగబడింది. "నేను చదివేది నాకే అర్థం కావట్లేదండీ, వాళ్ళకేం అర్థమవుతుంది? అర్థమయ్యేలా చెప్పేదాని నోరు మీరే కదా మూయించారు!" ఈలోగా ఆడవాళ్ళు జీపు చుట్టూ నిలబడ్డారు. "ఎక్కించుకోకుంటే నీ జీపు గిక్కడికెల్లి కదలది" అందొకామె. సార్ వెనక తలుపు తీశారు.

చౌరస్తాలో కుర్రాళ్ళు జెండాలతో జీపుకు అడ్డం వచ్చారు. సార్ కిందికి దిగి రెండు చేతులూ జోడించారు. "అన్నా, జర తొవ్వ ఇడువుండ్రన్నా. పానం మీదికొచ్చింది. నాది గూడ నల్గొండనే, మీ అసొంటోణ్ణే." అచ్చం మా నాయిన మాట. ఆ కుర్రాళ్ళు దారి ఇవ్వడమే కాదు, జీపు ముందు పరుగెడుతూ జనాన్ని తప్పించారు.

ఆమె బతికింది. దవాఖాన వరండాలో డాక్టరు ఆ మాట చెప్పి వెళ్ళగానే సార్ని నిలదీశాను. "గీ మాట మీకొస్తదా సార్? మరి నన్నెందుకు మాట్లాడనియ్యలే?" అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన మొహం తుడుచుకుని, "ఈ మాటతో నాకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళా? నిన్ను చూసి నవ్వుతారనే వద్దన్నాను" అన్నారు. "నవ్వింది మీరే కద సార్" అన్నాను. ఆయన చొక్కా సర్దుకుంటూ జీపు వైపు నడిచారు.

మర్నాడు సార్ నన్ను ఆఫీసులో కూర్చోమన్నారు. "అది రాకపోతే నేనూ వెళ్ళను" అని నా స్నేహితురాలు జీపు ఎక్కకుండా రోడ్డు మీద నిలబడింది. గత్యంతరం లేక ఇద్దర్నీ పంపారు. ఇక నేను మాట్లాడాను, అది చార్టు పట్టుకుంది. ఆడవాళ్ళ ప్రశ్నల్లో పడి టిఫిన్ డబ్బా సంగతే మరిచిపోయేవాళ్ళం. వంకాయ తోట ఆమె కోలుకున్నాక మళ్ళీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. కానీ చల్ల పోస్తుంటే చేతులు వణికి, సగం నేలపాలయ్యేది. "ఏం కాదు తియ్ బిడ్డా" అని ఆమె నవ్వేది. నేను ముంత అందుకుని మిగిలింది నేనే పోసేదాన్ని.

రాష్ట్రం వచ్చింది. మా మాట ఇప్పుడు సభల్లోనూ టీవీల్లోనూ దర్జాగా వినబడుతోంది. అయినా వంకాయ తోట ఆమె చేతులు గుర్తొస్తే నా పిడికిళ్ళు బిగుసుకుంటాయి. ఆ రోజుల్లో నా కోపమంతా ఆ ఒక్క మనిషి మీదే ఉండేది. ఇన్నేళ్ళలో అది ఇసుమంతైనా తగ్గలేదు. కాకపోతే ఆయన దగ్గరే ఆగకుండా, ఆయన్ని దాటుకుని, చిన్నప్పుడు ఏ బడిలోనో ఆయన నోరు తెరిచిన రోజున నవ్విన వాళ్ళ దాకా పోయింది.