పలకని పోస్టరు

మా నాయన చిత్తూరులో బోర్డులు రాసేవాడు. పన్నెండేళ్లకే సుద్ద పూసిన దారం లాగి గోడ మీద గీత కొట్టడం నేర్చుకుని, ఆయన పక్కన నేనూ నిచ్చెన ఎక్కాను. ఫ్లెక్సులు వచ్చి మా కుంచెల్ని మూలన పడేశాయి. నాయన పోయాక బడి గోడల మీద సూక్తులు రాస్తూ కొన్నేళ్లు నెట్టుకొచ్చాను. చివరికి ముప్పై ఎనిమిదేళ్ల వయసులో వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుందామని తిరుపతిలో ఒక గుంపులో చేరాను. ప్రతి ఆదివారం ఒక బడిలో, కంప్యూటర్ల గదిలో కలిసేవాళ్లం. అక్కడ ఎవరూ నా వయసు అడగలేదు, ఇంగ్లీషు రాదంటే నవ్వలేదు. అంత మర్యాద అలవాటు లేక మొదటిరోజు బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను.

చిత్తూరులో నేనెక్కే బస్సునే పూతలపట్టులో ఒకాయన ఎక్కేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. కూడలిలో టెలిఫోన్ బూత్ నడిపేవాడు, సెల్‌ఫోన్లు వచ్చి అదీ మూతపడింది. ఆయనా మా గుంపులోవాడే. తెరమీది రాతను పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో మేం చేసిన పేజీలు విని, చూపు లేనివాళ్లకు ఎక్కడ అడ్డం తగులుతుందో చెప్పేవాడు.

"బూత్ పోయినాక ఐదేండ్లు ఇంటి తిన్నె మీంద కూసోనుంటినిమ్మా. ఈ గుంపులోకి వచ్చినాకనే మళ్లా మనిషినైనాను" అన్నాడు ఒకసారి.

దారి పొడుగునా "ఈడ ఏం బోర్డుండాది?" అని అడిగేవాడు. చదివి చెప్పేదాన్ని. రంగు చెప్పకపోతే ఊరుకునేవాడు కాదు. "ఎరుపు ఒక్కటే నాకు గుర్తుండాది. మిగతావి నువ్వు సెప్తే నమ్మేదే." నాయన 'శ్రీ' ఎలా తిప్పేవాడో నేను చెబుతుంటే అరచెయ్యి చాపాడు. వేలితో రాసి చూపించాను. బస్సులో జనం వింతగా చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

నా మొదటి పేజీని ఆయన ఉతికి ఆరేశాడు. "బొమ్మ పెడితివి సరే. ఏం బొమ్మో కింద మాటల్లో రాయకుంటే నాకెట్ట తెలిసేది?" ఆ పాఠం నాకు నేర్పింది ఆయనే. అందుకే జరిగింది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఆ ఏడాది మా పెద్ద సమావేశం ఒక ఆదివారం, బడిలో కాకుండా చంద్రగిరిలో పెట్టుకున్నాం. పోస్టరు నన్ను గీయమన్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత కుంచె పట్టాను. దారం లాగి గీత కొట్టి, ఎర్రటి అక్షరాలతో 'అందరూ రండి' అని రాశాను. కింద చోటు, సమయం. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. చప్పట్లు, దండాలు, 'బాగుంది'లు వచ్చిపడ్డాయి. మురిసిపోతూ కూర్చున్నానే గానీ దాని కింద ఒక్క ముక్క రాయలేదు. మిగతావాళ్లకూ తట్టలేదు. ఆయన ఫోను 'ఫొటో' అని మాత్రం చదివి ఊరుకుంది.

ఏర్పాట్ల కోసం నేను ముందురోజే వెళ్లడంతో ఆ ఆదివారం బస్సులో ఆయన పక్కన లేను. నేను చంద్రగిరిలో మైకు పట్టుకుని, అందరికీ అందేలా వెబ్‌సైట్లు ఎలా చేయాలో ఉపన్యాసమిస్తున్నాను. ఆయన అదే చంద్రగిరి మీదుగా తిరుపతికి వెళ్లిపోయాడు. ఆయన రాలేదేమని అడిగితే, ఒంట్లో బాగాలేదేమో అన్నారెవరో. భోజనాల హడావుడిలో ఫోన్ కూడా చేయలేదు. గురివింద గింజ సామెత నాకోసమే పుట్టింది.

మరుసటి ఆదివారం ఆయన బస్సెక్కలేదు. బడి దగ్గర వాచ్‌మన్ అడిగాడు: "పోయిన వారం ఆ సారు తాళమేసిన గేటు కాడ మధ్యాన్నం దాకా కూసోనుండె. మీరెవురూ రాలేదే?"

వచ్చిన దారినే వెనక్కి తిరిగి పూతలపట్టు వెళ్లాను. తిన్నె మీద కూర్చుని ఉన్నాడు.

"ఒక్క ఫోన్ చేసుండొచ్చు గదన్నా" అన్నాను. తప్పు చేసినవాళ్లకే నోరు ముందు లేస్తుంది.

"అందురికీ తెలిసింది నాకొక్కనికే తెలీలేదని యాడ అడిగేదిమ్మా? బాగుండాది, బాగుండాది అని అందురూ పెట్టిన మాటలన్నీ సదివింది ఫోను. ఏం బాగుండాదో ఒక్కరన్నా సెప్తారని సూసినాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కోప్పడలేదు. అరచెయ్యి చాపి, "ఏం రాస్తివో రాయి" అన్నాడు. 'అందరూ రండి' అని ఒక్కో అక్షరం రాశాను.

"ఏం రంగు?"

"ఎరుపన్నా."

ఆయన చెయ్యి మూసుకున్నాడు. "రాత బాగుండాది. మీ నాయన సెయ్యి."

"వచ్చే ఆదివారం వస్తావా అన్నా?"

"సూస్తాంలేమ్మా."

మా వైపు ఆ మాటంటే రానని అర్థం. ఆయన మళ్లీ రాలేదు. రెండుసార్లు వెళ్లి పిలిచాను. కాఫీ ఇప్పించి, బస్సు దాకా వచ్చి సాగనంపాడు.

ఇప్పుడు ఏ బొమ్మ పెట్టినా దాని కింద రంగులతో సహా మాటల్లో రాస్తున్నాను. ఎంత బాగా రాశావో అని గుంపులో అందరూ మెచ్చుకుంటారు. వాళ్లందరికీ కళ్లున్నాయి.