తోటికోడలితో ఓడరేవు దాకా

మా తోటికోడలితో నేను ఆరేళ్లు మాట్లాడలేదు. ఆ ఆరేళ్లూ మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడే. ప్రొద్దుటూరులో మా మామ కట్టిన ఇంటిని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు లేచిన గోడ అది. వంటిల్లు నా వైపు వచ్చింది, బోరు ఆమె వైపు పోయింది. ఆ బోరు దగ్గరే గొడవైంది. నాకు కోపమొస్తే ముందు నోరు లేస్తుంది, బుద్ధి తీరిగ్గా లేస్తుంది. "పిల్లా జల్లా లేనిదానివి, నీకెందుకు ఇన్ని నీళ్లు?" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి పోయి తలుపేసుకుంది.

లోకంలో ఎవరైనా ఆమెను ఆ మాట అనవచ్చునేమో గానీ నేను అనకూడదు. నా కూతుర్ని పెంచింది ఆమే. కాన్పు తర్వాత నేను ఏడాది మంచం పడితే బిడ్డకు నీళ్లు పోసి, పాలు పట్టి, ఒళ్లో వేసుకుని నిద్రపుచ్చింది ఆమే. బిడ్డ మొదట అమ్మా అని పిలిచింది కూడా ఆమెనే. అప్పుడు నాకు అసూయ కలిగింది. కలగలేదని అబద్ధం చెప్పను.

మా వైపు మాటలు లేని ఇద్దరు ఒక చోట ఉండాల్సి వస్తే మూడో మనిషితో చెప్పించుకుంటారు. పెండ్లిళ్లలో, చావుల్లో అట్లాగే జరిగిపోతుంది. రెండేళ్ల కిందట ఆమె భర్త, మా మరిది, పోయినప్పుడు కూడా, ఆమె పక్కనే కూర్చుని, ఎదురింటామెతో "రెండు మెతుకులు తినమను" అని చెప్పించాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇదంతా చూసి చూసి విసిగిపోయి, చెన్నై నుంచి బయలుదేరే ఓడలో మా ఇద్దరికీ ఒకే గది తీసింది. మూడు రోజులు సముద్రంలో తిప్పి మళ్లీ అక్కడే దించుతారట. "ఇద్దరమ్మలూ పోయి రాండి. ఒకరు రానంటే రెండోవాళ్లకు కూడా లేదు" అంది. మేమిద్దరం సముద్రం చూసినవాళ్లం కాము. నీళ్ల మీద ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఓడ ఎక్కే లోపల ఆమెను క్షమించమని అడగాలని గట్టిగా అనుకున్నాను. అనుకున్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. టీ అమ్మే అతనితో "ఆమెకు కావాల్నేమో అడుగప్పా" అన్నాను. "తాగినానని చెప్పప్పా" అంది ఆమె. మా ఇద్దరి మధ్య దూరం ఒక్క అడుగే. అతను మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మాటలు మోయడం తన పని కాదన్నట్టు వెళ్లిపోయాడు.

రేవు దగ్గర లాడ్జిలో దిగాక అసలు చిక్కు వచ్చిపడింది. గదిలో మేమిద్దరమే. మూడో మనిషి లేడు. నేను కూతురికి ఫోన్ చేసి "మీ చిన్నమ్మను స్నానం చేసి రమ్మను" అన్నాను. మంచం మీద ఉన్న ఆమె ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేశాక నా ఫోన్ మోగింది: "అమ్మా, నిన్నే ముందు పొమ్మంటాంది." నాలుగోసారికి పిల్లకు ఒళ్లు మండింది. "నేనేమన్నా మైకునా మీకు? మీరే చెప్పుకోండి" అని పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

ఆమె సంచిలోంచి ఓళిగలు, అంటే బొబ్బట్లు తీసి, నాలుగు కాగితంలో పెట్టి నా వైపు జరిపింది. నాకు ఇష్టమని కొబ్బరివే చేసుకొచ్చింది. గోడ వైపు తిరిగి "తినేవాళ్లు తినొచ్చు" అంది. తిన్నాను. ఇప్పుడు అడుగు, ఇప్పుడు అడుగు అని లోపల పోరుతున్నా నోరు పెగల్లేదు. ఊరంతా జడుసుకునే నోరు ఇది.

గదిలో ఉండలేక ఓడను చూసొద్దామని లేచాను. తెల్లవారి బస్సుకు ముందురోజే బస్టాండుకు పోయి అడిగొచ్చే రకాన్ని నేను. ఆమె చెప్పులు తొడుక్కుని వెంట వచ్చింది. రేవు గేటు దగ్గర కాపలా అతను రేపు రమ్మని చేత్తో సైగ చేశాడు. క్రేన్లు, పెట్టెల లారీలు తప్ప ఓడ తోక కూడా కనపడలేదు. రోడ్డు దాటడానికే పావుగంట పట్టింది. ఎర్రగుంట్ల సిమెంటు లారీలే నయమనిపించింది.

ఆటోలో బీచికి పోయాం. ఆమె నీళ్ల దాకా పోయి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇంతకంటే మంచి చోటు దొరకదు. నోరు తెరిచాను. "ఈడ గాలి శానా కొడతాంది" అని వచ్చింది. ఆమె సముద్రంతో చెప్పింది: "కొంగు కప్పుకుంటే సరిపాయ." నా పిరికితనానికి నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను.

మరునాడు రేవులో సంచులు తనిఖీ చేయించుకుని వరుసలో నిలబడ్డాం. బల్ల దగ్గర తిరుపతి వైపు అమ్మాయి కాగితాలు నింపుతోంది. నాది ముందు అయిపోయింది. తర్వాత ఆమెను అడిగింది: "ఏదైనా అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలమ్మా?"

ఆమె ఆగకుండా పది అంకెలు చెప్పింది. అది నా నంబరు. ఆరేళ్లుగా ఆమె ఆ నంబరుకు ఒక్కసారి కూడా చేయలేదు.

"ఎవరిదమ్మా ఇది?"

"ఈమెది. మా అక్కది."

"ఆమె కూడా మీతోనే వస్తున్నారు కదా. ఓడలో లేనివాళ్లది కావాలి."

"ఓడలో లేనోళ్లు నాకెవురుండారు?" అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

నేను ముందుకు జరిగి కూతురి నంబరు చెప్పాను. "కూతురు అని రాయి."

ఆ అమ్మాయి నా కాగితం తిప్పి చూసింది. "ఇది మీ అమ్మాయిదని రాయించారు కదా?"

"అవును. కన్నది నేను, సాకింది ఈమె. ఇద్దరికీ కూతురే. రాయమ్మా." ఇక ఆగితే మళ్లీ జన్మలో చెప్పలేనని తెలిసి, ఆమె వైపు తిరిగి ముఖంలోకి చూశాను. "ఆ పొద్దు నేనన్నది తప్పుమ్మే. అట్లా అన్న నా నోరు పడిపోవాల. నన్ను క్షమించు."

వెనక వరుసలో వాళ్లు గొణుగుతున్నారు. ఆమె నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు.

"ఈ మాట చెప్పేకి ఆరేండ్లు పట్టెనా అక్కా" అంది. "మీ మరిది ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు. పొయ్యేదాకా ఆయప్ప నువ్వన్న మాటనే తలుచుకుంటా ఉన్న్యాడు."