చింతపండుతో తోమిన సెంటు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇండియా నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చి, పక్కింటి ముసలాయన ప్రాణంలా దాచుకున్న పాత రాగి నాణేన్ని పూజ సామానులో కలిపి చింతపండుతో తోమేసిందట. మా ఇళ్ళలో నలుగురు చేరితే ఈ కథ రావాల్సిందే. మొన్న శాన్ రామన్‌లో మా అన్నయ్యగారింట్లో పార్టీ జరిగితే, మా మేనకోడలు ఎంఎస్ చదవడానికి కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిలకు చేతులు తిప్పుతూ ఇదే చెప్పింది. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. తోమింది ఆవిడ కాదు, నేనేనని చెప్పాను.

"అత్తా, ప్లీజ్. ప్రతి పార్టీలో ఇదే ఆర్గ్యుమెంటా? తాతమ్మ వెర్షనే ఫన్నీగా ఉంది."

"ఫన్నీగా ఉంటే నిజమైపోతుందా?"

"ఆంటీ, మీరు లాయరా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయిల్లో ఒకతె, చాలా మర్యాదగా.

నేను లాయర్ని కాను. నలభై ఏళ్ళుగా ఒకే మాట చెప్పి చెప్పి అలిసిపోయిన మనిషిని. నోటితో చెబితే ఎవరికీ ఎక్కడం లేదు కాబట్టి ఈసారి రాస్తున్నాను.

అప్పుడు మేం ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. ఆ వీధి మొత్తంలో నన్ను లోపలికి రమ్మని పిలిచిన ఇల్లు ఒక్క పక్కింటి ముసలాయనదే. భార్య పోయింది. పాత సెంటు నాణేలు పోగు చేయడమే ఆయన పని. ఇప్పటి సెంటు కాదు. ఈ దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో అచ్చేసిన పెద్ద రాగి సెంటు, మన పాత అర్ధరూపాయి కంటే పెద్దది. శనివారం మధ్యాహ్నాలు నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి చేతికి భూతద్దం ఇచ్చేవాడు. వాటిలో ఒకదాని వెనకవైపు అంచు చుట్టూ, గాట్ల సందుల్లో, ఆవగింజ కంటే చిన్న నక్షత్రాలుంటాయి. మొత్తం తొంభై నాలుగు. ఆ ఒక్క రకానికే ఉంటాయి. ఎందుకు చెక్కారో ఎవరికీ తెలియదట. ఆయన దగ్గరున్నది బాగా అరిగి, నల్లగా, మాడిన అప్పచ్చిలా ఉండేది. నక్షత్రాలు సగం కూడా కనబడేవి కావు. అయినా అలాంటిది దొరకడమే అపురూపమనీ, దానికోసం ముప్పై ఏళ్ళు వెతికాననీ చెప్పేవాడు.

స్కూల్లో ఏదైనా పాత వస్తువు తెచ్చి దాని గురించి మాట్లాడమన్నారు. ఆయన్ని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఆ సెంటునే గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాడు. అంచులే పట్టుకో, ఎప్పుడూ తుడవకు అన్నాడు.

ఆదివారం సాయంత్రం దాన్ని బయటికి తీసి చూస్తే నాకు ఏడుపొచ్చింది. నా టిఫిన్ డబ్బా మూత తీస్తేనే ముక్కు మూసుకునే క్లాసు అది. ఈ నల్లటి బిళ్ళను చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. వంటగట్టు మీద అమ్మమ్మ అప్పుడే తోమి బోర్లించిన రాగి చెంబూ, పంచపాత్రా నిగనిగలాడుతున్నాయి. పక్కనే గిన్నెలో నానిన చింతపండు, ఉప్పు మిగిలి ఉన్నాయి. తుడవకు అన్నాడు గానీ తోమొద్దనలేదు కదా అని నాతో నేనే వాదించుకున్నాను. పదేళ్ళకే ఆ తెలివి ఉంది నాకు.

రెండు నిమిషాల్లో నాణెం లేత గులాబీ రంగులోకి వచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను. మర్నాడు క్లాసంతా చుట్టూ మూగింది. ఇంటికొచ్చి అమ్మమ్మకు చూపించాను.

"ఆయన తోమమన్నాడా?" అంది.

నేను నాణేన్ని గబగబా సంచిలో పెట్టేశాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచింది.

ఆయన సంచి విప్పి, నాణేన్ని బల్ల మీద పెట్టి చూశాడు. అరవలేదు. రెండు వందల ఏళ్ళుగా రాగి తనంతట తాను తెచ్చుకున్న రంగు అది, మళ్ళీ తేలేం అన్నాడు, నాతో కాదు, బల్లతో అన్నట్టు. నేను నోరు తెరిచేలోగా అమ్మమ్మ ముందుకొచ్చి, తన గుండె మీద వేలు పెట్టుకుని, అరచేతిలో తోముతున్నట్టు చేసి చూపించింది. ఇంగ్లీషు ముక్క రాని మనిషి చెప్పిన ఆ అబద్ధం ఆయనకు పూర్తిగా అర్థమైంది.

ఆయన దగ్గర ప్రతి నాణేనికీ ఒక చిన్న కార్డు ఉండేది. ఎవరి చేతుల్లోంచి వచ్చింది, దానికి ఏం జరిగింది, అంతా అందులో రాయాలి. అమ్మినా, ఇచ్చేసినా కార్డు నాణెంతోనే పోతుంది. మచ్చ దాచిపెట్టడం నాణేలు పోగుచేసేవాళ్ళలో పెద్ద తప్పు. ఆయన ఆ సెంటు కార్డు తీసి నా ముందు పెట్టాడు. పెన్ను నాకిచ్చి, ఎవరు తోమారో రాయమన్నాడు. నేను మా అమ్మమ్మ పేరు రాశాను. ఆయన చదివి, ఇంకేమైనా రాయాలా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

తిరిగొస్తూ ఎందుకలా చేశావని అడిగాను.

"నేను పదిహేను రోజుల్లో ఇండియా వెళ్ళిపోయేదాన్నే. నువ్వు ఈ గోడ పక్కన బతకాలి," అంది. అంతే. దగ్గరికి తీసుకోలేదు, తిట్టలేదు. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదని మాత్రం కోప్పడింది.

ఆయనకు నిజం చెప్పకముందే, నేను కాలేజీలో ఉండగా ఆయన పోయాడు. నాణేలన్నీ వేలానికి వెళ్ళాయి. ఆ సెంటు ఇప్పుడు ఎవరి డబ్బాలోనో ఉంటుంది. దాని పక్కన నా గుండ్రటి అక్షరాల్లో, చెయ్యని తప్పుకి మా అమ్మమ్మ పేరు ఉంటుంది. రాగి ఈపాటికి మళ్ళీ కొంత నల్లబడే ఉంటుంది. నేను రాసింది మాత్రం మారదు. ఎవరు ఏది తప్పుగా చెప్పినా నా నోరు ఊరుకోకపోవడం ఆ రోజునుంచే. మావాళ్ళు దాన్ని నా గయ్యాళితనం అంటారు. అననీ.

అమ్మమ్మ ఎందుకు చేసిందో నాకు తెలుసు. అర్థం కానిది ఆయనే. నిజం తెలిసే, ఇంకేమైనా రాయాలా అని అడిగాడా? తెలిసే అయితే, ఆ తర్వాతి శనివారం తలుపు తీసి, ఏమీ జరగనట్టు భూతద్దం మళ్ళీ నా చేతికి ఎందుకిచ్చాడు?