ఒంటిగంటకు లేచే పంపు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకు లింగమూర్తి తన పప్పులో తానే కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టుకున్నాడు, వెనక రెండో పంపు దానంతట అదే గుర్రుమంది, ఆయన ఎగిరి లేచాడు, మళ్లీ కూర్చునేసరికి డబ్బా ఆయన కింద ఉంది. పప్పు ఇంకా వేడిగానే ఉంది. ఆ షిఫ్టంతా వెనకవైపు గోనెపట్టా కట్టుకుని తిరిగాడు. అడిగినవాళ్లకు నడుము నొప్పి అని చెప్పాడు.

లింగమూర్తి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు. పల్సానాలో ఒక దారం మిల్లులో పంపులు చూసుకుంటాడు. పురి పెట్టిన దారాన్ని అక్కడ ఇనుప గదుల్లో పేర్చి, లోపలి గాలంతా పంపులతో లాగేసి, అప్పుడు ఆవిరి పట్టిస్తారు. గాలి సరిగా లాగకపోతే ఆవిరి దారం లోపలిదాకా పోదు. రేపు బట్టలో చారలు తేలతాయి.

పంపులు రెండు. భోజనాల వేళ మొదటిదాన్ని ఆపేస్తారు. గాలి తీసేసిన పెద్ద ట్యాంకుకు ఆ ముప్పావుగంట రెండోదే కాపలా. గాలి ఎంత లాగిందో చూపే గేజీ ముల్లు ఆరువందల యాభై దగ్గర ఉన్నంతసేపు అది పడుకుంటుంది. ఎక్కడైనా గాలి చొరబడి ముల్లు ఆరువందలకు దిగితే లేచి, పైకి లాగి, మళ్లీ పడుకుంటుంది. గదులన్నీ మూసి ఉండే ఆ వేళ గాలి చొరబడే దారే లేదు. అయినా ఆర్నెల్లుగా రోజూ లేస్తోంది. నర్సింగం పోయినప్పటి నుంచీ.

ఆ రెండో పంపును నర్సింగం పందొమ్మిదేళ్లు నడిపాడు. లింగమూర్తికి పని నేర్పింది ఆయనే. ఒక ఆదివారం పొద్దున గోడాదరాలో తన గదిలో చాయ్ తాగుతూ గుండె ఆగి పోయాడు. ముందురోజు సాయంత్రం ఆయన తన సంచి మిల్లులో మరిచిపోయాడు. పందొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. అది పంపు పక్కనే వేలాడుతోంది. పోయినవాళ్ల వస్తువు ఇంటివాళ్లే తియ్యాలని ఎవరూ ముట్టలేదు. నర్సింగం భార్య రాజమ్మ ఊరికి వెళ్లిపోతూ, "నువ్వే తెచ్చియ్యి తమ్మీ" అని లింగమూర్తితోనే అంది.

లింగమూర్తి ఆ సంచి వైపు చూడలేకపోయాడు. ఆ శనివారం పంపు లేచే అంకె మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నీకు గేజీ చూసుడు నేర్పిందెవడ్రా?" అని నర్సింగం నలుగురిలో నవ్వాడు. తర్వాత ఎప్పటిలాగే మామిడి తొక్కు పెట్టబోతే లింగమూర్తి మొహం తిప్పుకుని "నాకద్దు" అన్నాడు. ఆయనతో ఆడిన ఆఖరి మాట అదే.

పప్పు సంగతి జరిగిన సాయంత్రమే సూపర్‌వైజర్ ఓంప్రకాష్ వచ్చాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు.

"కాకా, నర్సింగం దయ్యమై లేపుతుండని భయంతోటి ఇద్దరు నౌకరీ ఇడిసిపెట్టి పోయిండ్రు. శనివారం దాక కంట్రోల్ సెట్ గాకుంటే పంపు పాత ఇనుముల భంగార్‌కు, నువ్వు గోదాంల మూటలు మోసుడుకు. శేట్ బోలా, ఓనరే చెప్పిండు."

"భంగార్‌ల నన్ను గూడ ఏసెయ్యరాదు, జర తూకం పెరుగుతది."

ఓంప్రకాష్ నవ్వలేదు.

బుధవారం లింగమూర్తి కంట్రోలు పెట్టె తెరిచి, పంపు లేచే అంకెను ఆరువందల నుంచి అయిదువందల డెబ్బై అయిదుకు దించాడు. పంపు ఒంటిగంటా పదికి లేచింది. గురువారం అయిదువందల యాభైకి దించాడు. ఒంటిగంటా ఇరవైకి లేచింది. నర్సింగం ఆలస్యంగా వస్తున్నాడు తప్ప రావడం మానలేదు. పైగా గాలి సరిగా లాగక ఆ మధ్యాహ్నపు దారం చెడింది. స్క్రూ తిప్పి, అంకెను మళ్లీ ఆరువందలకు, అంటే నర్సింగం పెట్టిన చోటికే తెస్తుంటే, వెనక ఎవరో నవ్వినట్టయింది. లింగమూర్తి తిరిగి చూడలేదు.

శుక్రవారం భోజనాల వేళ అగరుబత్తి వెలిగించాడు. కంటికి కనబడని లీకును పొగతో పట్టాలని నేర్పింది కూడా నర్సింగమే. పొగ ఎటు వంగితే అటు తూటు. ఒక్కొక్క అతుకు దగ్గరా బత్తి తిప్పుతుంటే, ఆవిరి గదుల దగ్గర పనిచేసే పరమేశ్ చూసి చెప్పులు విడిచాడు.

"శాంతి చేస్తున్నవని ఒక్క మాటన్న చెప్పకపోతివి అన్నా."

"శాంతి లేదు గీంతి లేదు. లీకు చూస్తున్న."

"అవునవును," అని పరమేశ్ చేతులు జోడించాడు.

రెండు మూడు నిమిషాల్లో వెనక పదకొండు మంది చేరారు. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు. లింగమూర్తి సిగ్గుతో చెవులు ఎర్రబడి, బత్తి పట్టుకుని ముందుకు జరిగాడు. అప్పుడు పొగ వంగింది. గాలి లేని షెడ్డులో, సన్నటి గీతలా, తిన్నగా నర్సింగం సంచి వైపు పోయింది.

పదకొండు మందీ ఒకేసారి వెనక్కి తగ్గారు. గేజీ ముల్లు ఆరువందల పది దగ్గరుంది, దిగుతోంది.

లింగమూర్తి బత్తిని సంచి దగ్గరికి తీసుకుపోయాడు. పందొమ్మిదేళ్లు చూడనిది ఇప్పుడు చూశాడు. సంచి తగిలించింది పైపుకు కాదు, పైపులోకి బయటి గాలి వదిలే చిన్న వాల్వు పిడికి. లోపలి స్టీలు డబ్బా, రెండు పెద్ద పానాల బరువుకు ఆ స్ప్రింగు పిడి వేలెడంత కిందికి వంగి ఉంది. మిగతా వేళల్లో పంపులు రెండూ నడుస్తుంటే ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. సరిగ్గా ఒంటిగంటకు నర్సింగం అన్నానికి సంచి దించేవాడు, పిడి లేచేది, తూటు మూసుకునేది. ఆర్నెల్లుగా ఒంటిగంటకు ఆ సంచి దించే మనిషి లేడు.

చెయ్యి చాపాడు. చెయ్యి సగంలో ఆగింది.

"అన్నా, దించుతున్న," అన్నాడు మెల్లగా.

సంచి చేతికి రాగానే పిడి టక్కుమని లేచింది. పొగ నిటారుగా నిలబడింది. ముల్లు ఆరువందల అయిదు దగ్గర ఆగిపోయింది. పంపు లేవలేదు. షెడ్డు ఎంత నిశ్శబ్దమైందంటే, అన్నాలకు కూర్చున్నాక ఒకరు నమిలేది ఒకరికి వినబడింది. ఆ గుర్రు లేని భోజనం అందరికీ వెలితిగా తోచింది.

సంచిలో చిన్న సీసా దొరికింది. తొక్కు, సగం అలాగే ఉంది. లింగమూర్తి దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నాడు. కళ్లెందుకట్లున్నాయని పరమేశ్ అడిగితే, కారం ఎక్కువైందన్నాడు.

పంపు భంగార్‌కు పోకుండా నిలిచింది, లింగమూర్తి ఉద్యోగమూ నిలిచింది. సంచి ఊరికి తీసుకుపోవడానికి టికెట్ కూడా తీశాడు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు రెండో పంపు గుర్రుమని లేచి, రెండు నిమిషాలు నడిచి ఆగింది. ఓంప్రకాష్ ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. కంట్రోలు పెట్టెలో ఒంటిగంటకు కొత్తగా టైమరు పెట్టి ఉంది.

"కాకా, ఏం సెట్ చేసినవ్? మళ్ల ఒంటిగంటకే లేసింది గద!"

లింగమూర్తి డబ్బా మూత పెట్టి, అది ఎక్కడుందో ఒకసారి చూసుకుని అన్నాడు:

"అప్పుడు తనంతట తనే లేసేటోడు, ఇప్పుడు నేను లేపుతున్న."