కుడిపక్క తావు

గంగాధరప్ప చెయ్యి మొదటిసారి నా డొక్కలో తగిలిన రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది. ధర్మవరంలో ఓ కల్యాణ మండపంలో పొద్దున్నే యోగా క్లాసు. ఆసనాలన్నీ అయిపోయి, అందరం శవాసనంలో వెల్లకిలా పడుకున్నాం. నేర్పే వనిత మేడం జోలపాడినట్టు, పాదాలు వదిలెయ్యండి, మోకాళ్లు వదిలెయ్యండి అని చెబుతూ ఉంది. నేను ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బస్సులో ఏళ్ల తరబడి నిలబడి టిక్కెట్లు కొట్టి రిటైరైన కండక్టర్ని. ఒళ్లు వదిలెయ్యమని ఎవరైనా అంటే నాకు వెంటనే గురక వస్తుంది. సరిగ్గా గురక అందుకునే వేళకు పక్క చాప మీంచి ఆ చెయ్యి వచ్చి పడింది.

"అందుకో మే," అన్నాడు గంగాధరప్ప, పెండ్లాన్ని పిలిచినట్టు. కళ్లు మూసే ఉన్నాయి.

"ఏమప్పా, నన్ను ఎవరనుకుంటాండావు?" అన్నాను.

ఆయనకు వినపడలేదు. మళ్లీ చెయ్యి కుడిపక్కకు విసిరాడు. చాప మీద పాదాలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి, దిగుతున్నాయి. భుజం పట్టుకుని కుదిపితే లేచి కూర్చున్నాడు. చాప అంచుకు జరిగి, రెండు కాళ్లూ కిందికి దించబోయాడు. కింద ఉన్నది నున్నటి బండల నేల. మడమలు తగిలాక గానీ కళ్లు తెరవలేదు. పైకప్పు చూశాడు, ఫ్యాన్లు చూశాడు, మమ్మల్ని చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. బస్సులో నిద్రపోయి, దిగాల్సిన ఊరు దాటిపోయాక లేచినవాళ్లు కిటికీలోంచి అలాగే చూస్తారు.

"గుంట యాడికి పోయె?" అన్నాడు.

"ఇది కల్యాణ మండపం. ఈడ మగ్గమూ లేదు, గుంటా లేదు," అన్నాను, కాస్త గట్టిగానే. వెనక వరసలో ఎవరో నవ్వారు.

వనిత మేడం వచ్చి నీళ్లు తాగించింది. జబ్బుపడి లేచినవాళ్లకు ఇలా అవుతుందని, శవాసనం నుంచి గబుక్కున లేవకూడదని, పక్కకు ఒత్తిగిలి కాసేపు ఆగి లేవాలని చెప్పింది. ఆయన చిన్నపిల్లాడిలా తలూపాడు. చాప చుట్టుకుంటూ నాతో మాత్రం, "మా ఇంటామె అక్కమ్మకు చెప్పాకు ఓబుళప్పా," అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

గంగాధరప్పది నేసేపేట. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. వాళ్ల నాయన కాలం నుంచి నేసేది కుట్టంచు పట్టుచీరలు. చీర ఒక రంగు, అంచు ఇంకో రంగు. అది ఒక మనిషితో అయ్యే నేత కాదు. నేసేవాడు ఎడమపక్క కూర్చుని, కాళ్లు మగ్గం కింది గుంటలో పెట్టి తొక్కుతూ, అడ్డంగా పోయే పేక దారం చుట్టిన నాడెను కుడిపక్కకు పంపుతాడు. కుడిపక్క కూర్చున్న మనిషి దాన్ని అందుకుని, అంచు దారంతో మెలిపెట్టి, తిరిగి పంపాలి. తొక్కేదీ, పేకను బాది బిగించేదీ ఎడమపక్క మనిషి. అందుకునేదీ పంపేదీ కుడిపక్క మనిషి. ఎడమపక్క ఇంటి మగవాడు కూర్చుంటాడు. కుడిపక్క పెండ్లామో, చదువు అబ్బని పిల్లలో. గంగాధరప్ప కూడా చిన్నప్పుడు వాళ్ల నాయనకు కుడిపక్కనే కూర్చున్నాడు. పెండ్లయ్యాక ఎడమపక్కకు మారాడు. పెనుకొండ నుంచి వచ్చిన అక్కమ్మను కుడిపక్క కూర్చోబెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇద్దరూ అట్లానే కూర్చున్నారు.

నాకు వాళ్లు బస్సులో పరిచయం. కూతురు మంజులతను హిందూపురం ఇచ్చారు. ఆమెను చూడటానికి నా బస్సే ఎక్కేవాళ్లు. ఎక్కగానే సీటు దగ్గర చిన్న తగువు. అక్కమ్మ ఎటు కూర్చున్నా ఆయన లేపి తన కుడిపక్కకు మార్చేవాడు. ఎడమ కిటికీలోంచి పెనుకొండ కొండ కనిపిస్తుందని, పుట్టిన ఊరు చూసుకోనివ్వమని ఆమె బతిమాలేది. ఊహూఁ. "ఏమప్పా, పుట్టింటిని కూడా చూడనీయవా?" అని నేను ఎగతాళి చేస్తే, "ఆయమ్మ ఎడమపక్క ఉంటే నాకి మాట్లాడను రాదు ఓబుళప్పా, మెడ తిరగదు," అనేవాడు. బస్సంతా నవ్వేది. అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన భుజం మీదుగా మెడ సాచి కొండ చూసుకునేది.

మొన్న వానల తర్వాత ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అనంతపురంలో పెద్దాసుపత్రిలో చేర్చారు. కొన్ని రోజులు మనిషి దక్కడనే అన్నారు. దక్కాడు గానీ, సగం మనిషై ఇంటికొచ్చాడు. కాళ్లలో బలం లేదు. వంగి లేస్తే గది గిర్రున తిరుగుతుంది. గుంటలో కూర్చుని తొక్కే పని ఇప్పట్లో తలపెట్టొద్దని, ఊపిరి కోసం యోగా చెయ్యమని డాక్టరు చెప్పి పంపాడు.

ఆయన ఇంటికి వచ్చేసరికి ఎడమపక్క అక్కమ్మ కూర్చుని ఉంది. ఎవరో చెప్పి నేయిస్తున్న పెండ్లి చీర సగంలో ఉంది, వాళ్ల ముహూర్తం దగ్గరపడింది, ఆగేదెట్లా? ఆమె గుంటలో కాళ్లు పెట్టి, కుడిపక్కకు పొరుగింటి నాగమణిని పిలుచుకుంది. ఇన్నేళ్లు పక్కనుంచి చూసిన పనే కాబట్టి చీర బాగానే వస్తోంది. ఆ బాగా రావడమే గంగాధరప్పకు మింగుడుపడలేదు.

నేను పలకరించడానికి వెళ్తే వెనక గదిలో మంచం మీద గోడకు ఆనుకుని ఉండేవాడు. ముందు గదిలో మగ్గం ఆడుతూ ఉండేది. మాట మధ్యలో ఆగి చెవి అటు పెట్టేవాడు.

"ఇంటాండావా? ఆ దెబ్బ నాది కాదప్పా," అనేవాడు. "నేను రెండు దెబ్బలు దగ్గర దగ్గర ఏస్తా. ఆయమ్మ నడుమ ఊపిరి పీల్చుకుంటాది."

"చీర కట్టుకునే పిల్లకు అది ఇనపడదులే," అన్నాను.

"నాకి ఇనపడతాది కదా."

ఆయనకు అన్నం మీద ధ్యాస లేదు. మంజులత హిందూపురం నుంచి వచ్చి ఉన్నా సంతోషం లేదు. ఎప్పుడూ ఒకే మాట. "నా తావు నాకి ఎప్పుడొస్తాది ఓబుళప్పా?" నేనేం చెప్పను? బస్సులో అయితే ఎవరినైనా లేపి సీటు ఇప్పించగలను. మండపానికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లడం అట్లా మొదలైంది. యోగా చేస్తే తొందరగా మగ్గమెక్కుతావని ఆశ పెట్టాను. శవాసనం పేరు వింటేనే అక్కమ్మకు గిట్టలేదు. "ఆసుపత్రి నుంచి తెచ్చుకునింది మళ్లా శవం మాదిరి పండుకోబెట్టడానికా అన్నా?" అని నా మీద విరుచుకుపడింది. అయినా పంపింది.

మండపంలో గుంట కోసం వెతికిన ఆ ఉదయం తర్వాత ఆయనకు ఓ వెర్రి నమ్మకం పట్టుకుంది. కాళ్లు వాటంతట అవే తొక్కాయి కదా, చెయ్యి దానంతట అదే విసిరింది కదా, అంటే ఒళ్లు సిద్ధంగానే ఉందని. నేను ఎంత చెప్పినా వినలేదు. ఓ మధ్యాహ్నం అక్కమ్మ రేషను కోసం వెళ్లిన సమయం చూసుకుని, గోడ పట్టుకుంటూ ముందు గదిలోకి వెళ్లాడు. తన తావులో కూర్చున్నాడు. కాళ్లు గుంటలోకి దించాడు. రెండుసార్లు తొక్కాడో లేదో, తల తిరిగి ముందుకు వాలిపోయాడు. పడుగు మీద పడ్డాడు. పట్టు దారాలు పుటుక్కుమని తెగాయి.

అక్కమ్మ వచ్చి చూసింది. మొదట ఆయన్ను లేపి మంచం మీదకు చేర్చింది. తర్వాత దీపం దగ్గరకు లాక్కుని తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేస్తూ కూర్చుంది. చీకటి పడేదాకా ఒక్క మాట అనలేదట. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన నాతో తర్వాత అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మండపానికి రావడం మానేశాడు. నేను వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇంగ నాకి యోగా ఎందుకప్పా, పో," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గవర్నమెంటు బస్సులో ఎంతమంది మొండివాళ్లను చూశాను, ఇంత మొండిఘటం మాత్రం తగల్లేదు. ఆ కోపంలో, దాచిపెట్టమన్న సంగతి అక్కమ్మ ముందు కక్కేశాను. మండపంలో ఆయన కాళ్లు ఎట్లా ఆడాయో, చెయ్యి ఎట్లా చాపాడో, నన్ను ఆమె అనుకుని ఏమన్నాడో అంతా.

అక్కమ్మ మగ్గం మీద చెయ్యి ఆపింది.

"ఏ పక్కకు చాపె?" అని అడిగింది.

"కుడిపక్కకు. నా డొక్కలో."

ఆమె నాగమణి వైపు తిరిగి, "రేపట్నుంచి రావాకు మే. చెప్తా తర్వాత," అంది. నాగమణి నన్ను చూసింది, నేను నాగమణిని చూశాను, ఆమె లేచి ఇంటికి పోయింది. అక్కమ్మ లేచి వెనక గది గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా. కుడిపక్క తావు ఖాళీగా ఉండాది. ఆడ తొక్కే పని లేదు, వంగే పని లేదు. వస్తావా?"

ఆయన గోడవైపే చూస్తూ, "ఆడోళ్లు కూచునే తావులో నేనా?" అన్నాడు.

"ఇన్నేండ్లు నేను ఆడనే కూచుంటి. నాకేం తక్కువాయె?"

ఆమె గొంతు పెంచలేదు. జవాబు కోసం నిలబడలేదు కూడా. వచ్చి ఎడమపక్క కూర్చుంది. నాడె చేత్తో పట్టుకుని ఊరికే కూర్చుంది. మగ్గం చప్పుడు లేని ఆ ఇల్లు నేను ఎన్నడూ ఎరగను. చాలాసేపటికి మంచం కిర్రుమంది. గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఆమె కుడిపక్క మెల్లగా కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన పక్కన తాను కూర్చున్న చోటే అది. మొదటిసారి ఆమె పంపిన నాడె ఆయన చేతికి అందక జారి ఒళ్లో పడింది.

"నిదానం," అంది ఆమె.

"నువ్వు ఆలస్యంగా పంపితివి," అన్నాడు ఆయన.

నేను బయటికొచ్చేశాను. అక్కడ నాకు పనిలేదు.

పెండ్లి చీర ముహూర్తానికి అందింది. గంగాధరప్ప మళ్లీ మండపానికి వస్తున్నాడు. ముఖం కొంచెం తేరింది. పాత తావు మాత్రం ఇంకా రాలేదు, వస్తుందని డాక్టరూ గట్టిగా చెప్పడం లేదు. ఇప్పటికీ ఎడమపక్క మీద ఆయనకు ఆశ చావలేదు. భోజనానికి అక్కమ్మ లేచినప్పుడు ఆ ఖాళీ చోటును చూస్తూ కూర్చుంటాడని మంజులత చెప్పింది. చూస్తాడంతే, జరగడు.

ఈ మధ్య ఓ ఉదయం మళ్లీ శవాసనంలో ఉన్నాం. నాకు ఎందుకో గురక రాలేదు. పక్కకు చూశాను. గంగాధరప్ప నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నాడు. పాదాలు కదలడం లేదు. నా వైపు ఉన్న కుడిచెయ్యి పొట్ట మీద ఉంది. ఎడమచెయ్యి మాత్రం అవతలి పక్కకు పూర్తిగా చాపి, అరచెయ్యి తెరిచి పెట్టాడు. అటు పక్క ఎవరూ లేరు, ఖాళీ నేల.

"పంపు మే," అన్నాడు మెల్లగా.

వనిత మేడం ఆయన్ను లేపమని నాకు సైగ చేసింది. ఇక్కడ మగ్గం లేదని ఈసారి నేను చెప్పలేదు. కాసేపు ఉండనీయమని సైగ చేశాను.