నూనె రాసిన చేతులు

రేవు గట్టు మీద గరుఫలియా గెలిచిన గొడవ నేను కళ్లారా చూశాను. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు. ఆమెను చేసుకుంటానని మాటిచ్చి ఓడ పనికి పోయి, ఏడాదిగా కబురు లేని థ్రాసోస్ ఓడ దిగి, ఏమీ జరగనట్టు నవ్వుతూ నిలబడ్డాడు. చేపలకు ఉప్పు పెట్టే షెడ్డులోంచి ఆడవాళ్లమంతా బయటికొచ్చాం.

"పెళ్లికి తొందరేముందే? సముద్రం ఎక్కడికీ పోదుగా" అన్నాడు.

"సముద్రం పోదు, నువ్వు పో. మళ్లీ నా గడప తొక్కావంటే చేప తలతో పాటు నీ తలా తీస్తా."

అందరం నవ్వాం. అతను సాయంత్రం అదే ఓడ ఎక్కాడు. ఆమె గెలిచింది. గెలిచి, ఆ చలికాలంలోనే రొట్టెలు కాల్చే యాకొవోస్‌ను చేసుకుంది. "వాడి చెవిన పడితే చాలు పిన్నీ" అని నా ముఖం మీదే చెప్పింది.

థ్రాసోస్ తక్కువ తిన్నాడా? ఆమెకు ఆడపిల్ల పుట్టిందని విని సెలవు పెట్టి వచ్చాడు. "బాప్తిస్మంలో బిడ్డకు నూనె నేను రాస్తా" అన్నాడు. అలా జ్ఞానతండ్రినవుతానని అడిగినవాణ్ణి కాదంటే మా దగ్గర పాపం. అమాయకుడు యాకొవోస్ పొంగిపోయాడు. కొండ మీది చిన్న గుడిలో థ్రాసోస్ చొక్కా చేతులు పైకి మడిచి, బిడ్డ ఒంటికి నూనె రాసి, నీళ్లలోంచి తెల్లగుడ్డలోకి అందుకున్నాడు. గరుఫలియా గోడకేసి చూస్తూ నిలబడింది. ఆ పూట అతను దర్జాగా ఆమె గడప దాటి విందు తిన్నాడు.

ఏళ్లు గడిచాయి. యాకొవోస్ పోయాడు. గరుఫలియా ఏడవలేదు. నల్లబట్టలతో షెడ్డుకొచ్చి చేపలు పరిచింది. ఎవరు పలకరించినా "బాగున్నా" అనేది, పలకరించని వాళ్లతో కూడా. పోయిన వేసవిలో థ్రాసోస్ ఓడ పని మానేసి ఊరికొచ్చాడు. మోకాలు వంగదు, పళ్లు సగం లేవు. రోజూ వచ్చి ఆమె పక్కన పీపా మీద కూర్చుంటాడు. ఒకరోజు వాళ్ల మాటలు విన్నాను.

"మీ ఆయన మంచివాడు."

"అవును. అదే కష్టమైంది."

"ఫాదరుని అడగనా, మన పెళ్లికి?"

"అడుగు."

కొత్త ఫాదరుకు గడ్డం ఇంకా సరిగా రాలేదు కానీ నియమాలన్నీ వచ్చు. బిడ్డకు నూనె రాసినవాడు ఆ తల్లికి తోబుట్టువు లెక్క, పెళ్లి కుదరదన్నాడు. కక్షతో రాశానని థ్రాసోస్ ఒప్పుకుంటే, కక్షతో రాసినా నూనె నూనేనన్నాడట.

నిన్న గరుఫలియా మా ఇంటికొచ్చింది. కాఫీ ముట్టలేదు.

"ఆ రోజు గుడిలో ఉన్న పెద్దవాళ్లలో మేమిద్దరం కాక నువ్వొక్కదానివే మిగిలావు పిన్నీ."

"ఏమే, నా ఆయుష్షు మీద కన్నేశావా?"

నవ్వలేదు. "వాడు తాగి ఉన్నాడని, ఏం చేశాడో వాడికే గుర్తులేదని చెప్పు. చేతులు వణికితే బిడ్డను నువ్వు తీసుకున్నావని, నూనె నువ్వే రాశావని చెప్పు."

"తాగలేదే. చేతులూ వణకలేదు."

"నాకు తెలీదా?"

"వాడంటే అంత ప్రేమటే, ఈ వయసులో?"

కప్పు పక్కకు జరిపింది. "ఏమో. నాకిప్పుడు ఏదీ తెలియడం లేదు పిన్నీ. వాడు పక్కన కూర్చున్నప్పుడు మాత్రం చేతులకు ఉప్పు మండుతున్నట్టు తెలుస్తుంది. అంతే."

నేను ఆమె కప్పులోని కాఫీ తీసి పారబోశాను.

"నూనె రాసింది వాడు కాదంటే, శుక్రవారం సాక్షిని తీసుకురమ్మన్నాడు ఫాదరు. శిలువ మీద చెయ్యి పెట్టి చెప్పాలట. వస్తావా?"